ముల్లు చూసి రాసిన అంకెలు

మార్చి 3, మంగళవారం

ఫోన్ పోయింది. దొంగలెత్తుకుపోలేదు, మాకు పాఠాలు చెప్పే స్కేలు మేడమ్ లాక్కుంది. నెల రోజులు ఆవిడ బీరువాలో ఉంటుందట. చేతులు ఊరుకోక ఈ పాత నోటుబుక్కు తీశాను. ముందు పేజీల్లో ఎముకల పేర్లున్నాయి, వెనక సగం ఖాళీ. ఇది పశ్చాత్తాపంతో రాస్తున్నది కాదని మొదటి పేజీలోనే రాసిపెడుతున్నాను.

జరిగింది ఇదీ. పొద్దున మగవాళ్ళ వార్డులో పక్క దుప్పటి మూలలు మడుస్తుంటే మేడమ్ నా వెనక నిలబడి ఏదో అడిగిందట. మూడుసార్లు అడిగిందట. నాలుగోసారి స్కేలుతో మంచం రాడ్డు మీద కొట్టింది. తల తిప్పాను. చెవుల్లో వైర్లు కనబడ్డాయి.

"పేషెంటు గుండె ఆగినా నీ పాట ఆగదు కదమ్మా" అంది.

వార్డంతా నవ్వింది. సెలైన్ ఎక్కుతున్న వాళ్ళు కూడా నవ్వారు. నర్సింగ్ స్కూల్లో చేరి ఆరు నెలలైంది, ఇంతమంది రోగులకు ఒకేసారి ఉపశమనం కలిగించడం నాకిదే మొదటిసారి.

ఇంటికొచ్చాక అమ్మ రెండో విడత మొదలుపెట్టింది. అమ్మ సిటీ బస్సులో కండక్టరు. ఆవిడ గొంతెత్తితే మా వీధిలో వాళ్ళు దిగడానికి లేచి నిలబడతారు. తలనొప్పికి ఫోనే కారణం, మార్కులకు ఫోనే కారణం, నేను పిలిస్తే పలకకపోవడానికి ఫోనే కారణం. పోయినేడాది వంటింటి గోడ చెమ్మగిల్లినప్పుడు దానికీ నా ఫోనే కారణమంటుందేమోనని ఎదురుచూశాను.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నీకు చెప్పడం" అంది చివరికి.

ఆ మాటకు నేను లేచి గదిలోకి వచ్చేశాను.

ఇక్కడ ఒక సంగతి రాస్తాను, ఎటూ ఎవరూ చదవరు కాబట్టి. ఆ వైర్లలో పాట రావడం లేదు. ఏమీ రావడం లేదు. మూడు నెలలుగా అంతే. చెవిలో వైరున్న పిల్ల పలకకపోతే పొగరు అంటారు. వైరు లేని పిల్ల పలకకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. నాకు పొగరే నయం.

మార్చి 4

ఫోన్ లేకుండా ఒక రోజు గడిచింది. చావలేదు.

మార్చి 6, శుక్రవారం

నాకేమీ లేదు. ఎడమ చెవి కాస్త బద్ధకస్తురాలు. కుడిది దాని చెల్లెలు, అక్కను చూసి నేర్చుకుంటోంది. అంతకన్నా ఏమీ లేదు.

ఇంట్లో నాకే ఇబ్బందీ లేదు. మేము ముగ్గురమే: అమ్మమ్మ, అమ్మ, నేను. అమ్మమ్మకు చెవులు వినబడవు. అందుకని మా ఇంట్లో "ఉప్పు ఇటివ్వు" అన్నా పక్కింటివాళ్ళకు పోట్లాటలాగే ఉంటుంది. టీవీ గోడలు అదిరేలా మోగుతుంది. అమ్మమ్మ కోసం అరిచే అరుపుల్లో నా వాటా నాకు దొరికిపోతుంది. ఇలాంటి ఇంట్లో పెరిగితే లోకంలో అందరూ నసుగుతారనే అనిపిస్తుంది. లోకం నిజంగానే నసుగుతుంది. మనుషులు మూతి విప్పి మాట్లాడటం మానేశారు. అది నా తప్పా?

స్కూల్లో లౌడ్‌స్పీకర్ ఉంది. నా పక్క బెంచీ పిల్ల. ఆ పేరు నేనే పెట్టాను, దానికీ ఇష్టమే. అది రహస్యం చెప్పినా మూడు బెంచీలకు తెలుస్తుంది. అందరూ దాని పక్కన కూర్చోవడానికి భయపడతారు, నేను మొదటి రోజే వెళ్ళి కూర్చున్నాను. మేడమ్ పాఠం చెబుతుంటే ప్రతి ముక్కా మళ్ళీ నా వైపు తిరిగి గొణుగుతుంది. దాని గొణుగుడు నాకు సరిగ్గా సరిపోతుంది.

ఒక్క బ్లడ్ ప్రెషర్ దగ్గరే చిక్కు. దండచేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి గాలి ఎక్కించాలి. తర్వాత మెల్లగా గాలి వదులుతూ మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి వినాలి. టక్కు టక్కుమని మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. నాకు ఆ టక్కు టక్కు మొదటి నెలలో ఒక్కసారి వినబడింది. మళ్ళీ లేదు. కానీ డయలు మీద ముల్లుంటుంది కదా. గాలి దిగుతుంటే ఒకచోట అది ఎగిరెగిరి పడటం మొదలుపెడుతుంది. అక్కడ పై అంకె రాస్తాను. ఎగరడం మానిన చోట కింది అంకె రాస్తాను. ఆరు నెలల్లో ఎవరూ పట్టుకోలేదు. నాది ముత్యాల్లాంటి చేతిరాత. ముత్యాల్లాంటి అంకెను అనుమానించే తీరిక ఏ స్టాఫ్ నర్సుకూ లేదు.

మేడమ్ ఒకసారి చార్టు చూసి, "నీ చేతిలో పడిన వాళ్ళందరికీ ప్రెషరు కాస్త ఎక్కువేనే, నిన్ను చూసి భయపడుతున్నారా" అంది. నవ్వేశాను.

ఇరవై ఎనిమిదిన ప్రాక్టికల్ పరీక్ష. అందులో ప్రెషరు చూడటం తప్పదు. పరీక్ష పోతే ఆరు నెలలు పోతాయి. వినబడదని తెలిస్తే కోర్సే పోతుంది. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉంది, చూపు, వినికిడి సక్రమంగా ఉన్నవారే అర్హులని. సంతకం పెట్టిన రోజు నావి సక్రమంగానే ఉన్నాయి. ఉన్నాయనే అనుకున్నాను.

నాకు ఈ పని వచ్చు. నరం దొరకని చేతిలో నాకు దొరుకుతుంది. కట్టు విప్పేటప్పుడు నేనైతే నొప్పి తెలియదని ముగ్గురు చెప్పారు. చెవుల కోసం ఇదంతా వదిలెయ్యమంటే వదలను.

మార్చి 9, సోమవారం

ఫోన్ లేని వాళ్ళకు బస్సు ప్రయాణం ఒక పరీక్ష. ఈ రోజు లెక్కపెట్టాను. ముప్పై ఒక్క తలల్లో ఇరవై ఏడు వంగి ఉన్నాయి. పక్కాయన పొలమారి దగ్గుతుంటే ఒకడు తల ఎత్తకుండానే వీపు తట్టాడు. ఇంకొకావిడ ఎదుటి సీటులోని కూతురికి మెసేజీ పెట్టింది, దిగాల్సిన చోటు వచ్చిందని. కుర్రకారు పాడైపోతోందని నాకు చెప్పిన పెద్దమనిషి తెర మీద రంగు రంగుల గోళీలు పేలుస్తున్నాడు. స్కేలు మేడమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరో మురికి తివాచీలు కడిగే వీడియోలు చూస్తుంది. లౌడ్‌స్పీకర్ కళ్ళారా చూసింది. గంటసేపు, ఒకదాని తర్వాత ఒకటి.

నేను మాత్రం ఆ ఇరవై ఏడు మందిలో లేను. మాటల కింద అక్షరాలు పడే వీడియోలు నాకు గుర్తు రావడం లేదు. వాటిలో ఎవరేమన్నా చదువుకోవచ్చు. మనుషుల కింద అక్షరాలు పడవు, అదొక్కటే లోటు. లోటు కాదు. ఊరికే అన్నాను.

వైర్లు మేడమ్ తిరిగిచ్చేసింది. వాటి రెండో కొస ఏప్రన్ జేబులో పడేసి తిరుగుతున్నాను. వార్డులో తీసేస్తాను, బయట పెట్టుకుంటాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఫోన్ బీరువాలో ఉందని తెలిసి కూడా.

మార్చి 11, బుధవారం

పద్నాలుగో మంచం మీద కొత్త పేషెంటు. ఇనుప ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కాళ్ళ వాపులు, ప్రెషరు. పడుకుని గోడ వైపు తిరిగి మాట్లాడతాడు. రెండుసార్లు "తాతగారూ, ఇటు తిరగండి" అన్నాను. మూడోసారి తిరిగి నన్నే చూశాడు.

"మా ఫ్యాక్టరీలో సగం మంది నీలాగే మాట్లాడే వాళ్ళ మూతులు చూసేవాళ్ళమ్మా" అన్నాడు.

థర్మామీటరు కోసం వెతుకుతున్నట్టు నటించాను. చేతిలోనే ఉంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఫ్యాక్టరీలో ఎవరి మాటా ఎవరికీ వినబడదట, కింద నిలబడిన మనిషి చేతులతో సైగ చేస్తే పైన క్యాబినులో ఈయన కొక్కెం దించేవాడట. ఎత్తమనడం, దించమనడం, పక్కకు జరపమనడం, అన్నీ వేళ్ళతోనే. ఎత్తమని చెప్పే హక్కు ఒక్కడికే ఉంటుందట. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చట, గేటు దగ్గర ఊడ్చే మనిషైనా సరే.

"ఎవరు చెయ్యెత్తినా ఆపాల్సిందే. ఎందుకని అడక్కూడదు. ముందు ఆపాలి, తర్వాత అడగాలి" అన్నాడు.

ప్రెషరు చూశాను. ముల్లు నూట అరవై ఎనిమిది దగ్గర ఎగిరింది. రాశాను.

మార్చి 13, శుక్రవారం

ఈ రోజు నా పరువు పోయింది.

క్లాసు ముందు వరండాలో నడుస్తుంటే స్కేలు మేడమ్ ఎదురొచ్చి నా చెవిలోని వైరు పట్టుకుని లాగింది. ఇంకో ఫోన్ కొన్నానని అనుమానం. వైరు మొత్తం జేబులోంచి బయటికొచ్చింది. రెండో కొసకు ఏమీ లేదు. నలభై మంది చూశారు. గేదె లేకుండా పలుపుతాడు పట్టుకు తిరుగుతున్నట్టున్నాను.

"ఇదేంటి" అంది మేడమ్.

"అలవాటండీ" అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "ఫోన్ పిచ్చి ముదిరితే ఇట్లాగే ఉంటుంది" అని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఏమైనా అందేమో తెలియదు.

లౌడ్‌స్పీకర్ ఒక్కతే నవ్వలేదు. మధ్యాహ్నం తిండి దగ్గర, "నీకేదైనా చెప్పుకోవాలనుంటే చెప్పు" అంది. "నీకు చెబితే ఊరంతా వింటుంది" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. చిన్నబోతే చిన్నబోనీ.

మార్చి 16, సోమవారం

పెద్ద డాక్టరు రౌండ్లలో పద్నాలుగో మంచం చార్టు చూశాడు. ఐదు రోజులుగా పొద్దుటి ప్రెషరు నేనే రాస్తున్నాను. నూట అరవై ఎనిమిది, నూట డెబ్బై, నూట అరవై ఆరు, అలా. "చార్టు ఇంత నీట్‌గా ఎవరు రాస్తున్నారు" అన్నాడు. స్టాఫ్ నర్సు నన్ను చూపించింది. ప్రెషరు దిగడం లేదని మందు మోతాదు పెంచాడు.

నాకు గర్వంగా ఉంది. ఇది రాయడానికి సిగ్గెందుకు. రోజుకొకసారైనా మనిషి గర్వపడాలి.

మార్చి 17, మంగళవారం

తాతగారు పడిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి బాత్రూముకు వెళ్దామని లేచాడు. నిలబడ్డాడు, రెండడుగులు వేశాడు, స్టూలు అంచుకు మొహం తగిలింది. కనుబొమ్మ చీలి ఐదు కుట్లు పడ్డాయి. నేను డ్రెస్సింగ్ గదిలో ఉన్నాను. పడిన చప్పుడు వార్డు చివరి వాళ్ళకు కూడా వినబడిందట. నాకు వినబడలేదు. అందరూ పరిగెత్తడం చూసి నేనూ పరిగెత్తాను.

స్టాఫ్ నర్సు ప్రెషరు చూసింది. తొంభై రెండు.

మార్చి 18

నా తప్పు కాదు. మోతాదు పెంచింది డాక్టరు. సరిచూడాల్సింది స్టాఫ్ నర్సు. నేను విద్యార్థిని. విద్యార్థిని రాసింది చూసి మందు ఇస్తారా ఎవరైనా?

మార్చి 19

నా తప్పు కాదు.

మార్చి 20, శుక్రవారం

ఆ సమయంలో ఆ వరస మంచాల డ్యూటీ లౌడ్‌స్పీకర్‌ది. తాతగారు పడినప్పుడు అది వరండాలో ఫోన్ మాట్లాడుతోంది. వాళ్ళమ్మకు ఒంట్లో బాగా లేదని చెల్లెలు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు. దాని గొంతు వార్డంతా విన్నది కాబట్టి సాక్షులు వెతుక్కోనక్కర్లేదు.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో విచారణ. తీసేస్తారని అంటున్నారు. నోటీసు బోర్డు మీద కాగితం కూడా పడింది: సెల్‌ఫోన్ నిర్లక్ష్యం వల్ల రోగికి గాయం. అందరూ ఆ కాగితం ముందు నిలబడి తలలూపారు. చూశారా, మేం చెప్పలేదూ అన్నట్టు.

లౌడ్‌స్పీకర్ నా పక్కన కూర్చుని ఏడ్చింది. "నేను అక్కడే ఉంటే పట్టుకునేదాన్ని కదా" అంది. ఏడుస్తూ కూడా నా వైపు తిరిగి, నాకు వినబడేలా అంది. అప్పుడు నాకు అర్థమైంది, దానికి ఎప్పటి నుంచో తెలుసని.

కళ్ళు తిరిగి పడే మనిషిని అది పట్టుకునేదేమో. కానీ ఆయనకు కళ్ళు తిరగడానికి కారణం నా అంకె. ముల్లు ఎగరడం నిజం ప్రెషరు కన్నా ముందే మొదలవుతుందని పుస్తకంలో ఉంది. ఈ రోజు చదివాను. నలభై ఏడో పేజీ. ముల్లును చూసి అంకె రాయరాదు అని కూడా ఉంది. ఆరు నెలలుగా ఆ పుస్తకం నా సంచీలోనే ఉంది.

నేను నోరు మూసుకుంటే చాలు. ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ ఎంత మంచి దొంగ అంటే, ఎవరు ఏం చేసినా తన మీద వేసుకుంటుంది. మూడు నెలలుగా నేను చేసింది అదే. ఈసారి ఆ దొంగ వెనక నా స్నేహితురాలు నిలబడి ఉంది.

మార్చి 22, ఆదివారం

అమ్మ డ్యూటీకి వెళ్ళాక అమ్మమ్మ జుట్టుకు నూనె రాస్తున్నాను. నా ముందు కూర్చుని ఉంది, వీపు నా వైపు. ఏదో అంది. నేను వంగి మొహం చూడబోయాను. అమ్మమ్మ చటుక్కున వెనక్కి తిరిగి నా గడ్డం పట్టుకుంది.

"నీకెప్పటి నుంచే" అంది.

"ఏంటి" అన్నాను.

"నా దగ్గరా నాటకాలు. నేను ముప్పై ఏళ్ళు ఆడిన నాటకమే అది. వినబడనప్పుడు నవ్వడం, తెలియనప్పుడు తలూపడం. నువ్వు ఆ వైర్లు పెట్టుకున్నావు. నా కాలంలో అవి లేవు, నేను పొగరు పెట్టుకున్నాను."

అమ్మమ్మకు ఇరవై రెండో ఏట మొదలైందట. ఎవరికీ చెప్పలేదట. వాళ్ళక్క ఒకసారి సంతలో వెనక నుంచి పిలిచిందట, చాలాసార్లు పిలిచిందట. తిరగలేదని, డబ్బున్న ఇంటికి వెళ్ళి కళ్ళు నెత్తికెక్కాయని అక్క పన్నెండేళ్ళు మాట్లాడలేదట. చెప్పేద్దామనుకునేసరికి అక్క పోయిందట. ఇదంతా అమ్మమ్మ నా మొహంలోకి చూస్తూ, ఒక్కో మాట విడగొట్టి చెప్పింది.

"మరి చివరికి ఎప్పుడు చెప్పావు" అని అడిగాను.

"యాభై దాటాక. చెబితే ఏదో మునిగిపోతుందనుకున్నానే. ఏం కాలేదు. అందరూ గట్టిగా మాట్లాడటం మొదలెట్టారు, అంతే."

నాకు ఏడుపొచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాను. అమ్మమ్మ చేతిలోంచి గడ్డం విడిపించుకోవడం అంత సులువు కాదు.

నీకు ఉద్యోగం పోయే పరిస్థితి లేదు అమ్మమ్మా, అని అరిచి చెప్పాను. నా కోర్సు పోతుంది, నాకు వచ్చిన పని ఇదొక్కటే. అమ్మమ్మ ఆలోచించి, "పోతే పోనీ అనను. పోనివ్వకు. కానీ ఇంకొకళ్ళని తోసి నువ్వు నిలబడకు" అంది. లౌడ్‌స్పీకర్ గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. రోజూ బడి నుంచి వచ్చి అమ్మకు అరిచి చెప్పే కబుర్లన్నీ ఈవిడ మా పెదాల మీద చదువుతోందని నాకెప్పుడూ తట్టలేదు.

మార్చి 23, సోమవారం

పిలవకుండానే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను. ప్రిన్సిపాల్, స్కేలు మేడమ్, స్టాఫ్ నర్సు కూర్చుని ఉన్నారు. లౌడ్‌స్పీకర్ నిలబడి ఉంది. వాళ్ళమ్మ ఆస్పత్రి కాగితాలు చేతిలో ఉన్నాయి, ఎవరూ తీసుకోలేదు.

"పద్నాలుగో మంచం రీడింగులు తప్పు. నేను విని రాయలేదు, ముల్లు చూసి రాశాను. నాకు వినబడదు" అన్నాను.

నేను అనుకున్నదాని కన్నా గట్టిగా అన్నాను. బయట వరండాలో నడుస్తున్న వాళ్ళు ఆగారు.

"ఆ ఒక్క పేషెంటుకేనా" అంది మేడమ్.

"మొదటి నుంచీ. అందరికీ."

స్టాఫ్ నర్సు తల పట్టుకుంది. ప్రిన్సిపాల్ ఏదో అన్నాడు. ఆయనకు మీసాలు పెదవి మీదికి ఉంటాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతకు ముందైతే తలూపేదాన్ని. "మళ్ళీ చెప్పండి సార్, గట్టిగా" అన్నాను. చెప్పాడు. నేను రాసిన చార్టులన్నీ తీసి ఎవరికి మందు మారిందో చూడాలన్నాడు. నన్ను వార్డు డ్యూటీ నుంచి ఆపేశాడు. చెవి పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. హాల్ టికెట్ ఇచ్చేశారు కాబట్టి ప్రాక్టికల్ రాయొచ్చని, కోర్సులో ఉంచాలా వద్దా అన్నది కమిటీ చూస్తుందని అన్నాడు.

"ఏ శిక్ష వేసినా సరే సార్. నోటీసు బోర్డు మీద కాగితం మాత్రం మార్చండి. అందులో ఫోన్ అని ఉంది" అన్నాను.

"ఇప్పుడది ముఖ్యమా" అన్నాడు.

"ముఖ్యమే సార్. తప్పు నాది. ఫోన్‌కి ఇవ్వను."

మేడమ్ అప్పుడు లేచి నా ముందుకు వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. "మూడో తారీఖున నీ వెనక నిలబడి నిన్ను అడిగింది ఏంటో తెలుసా. నీళ్ళు తాగావా అని. పొద్దుటి నుంచి కూర్చోలేదు నువ్వు" అంది.

లౌడ్‌స్పీకర్‌కు వారం సస్పెన్షన్ వేసి వదిలేశారు. బయటికొచ్చాక అది నాతో మాట్లాడలేదు. మూడు రోజులు నరకం చూపించావు అని మాత్రం అంది, మెల్లగా. దాని జీవితంలో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడి ఉండదు. అయినా అర్థమైంది.

మార్చి 25, బుధవారం

చెవి పరీక్ష. ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా బటను నొక్కాలి. గాజులోంచి ఆపరేటరు చెయ్యి కనబడుతోంది. ఆవిడ మీట నొక్కినప్పుడల్లా నేనూ నొక్కాను. ఐదు నిమిషాలు అద్భుతంగా విన్నాను.

ఆవిడ తలుపు తీసుకుని లోపలికొచ్చి, నా కుర్చీని గోడ వైపు తిప్పి వెళ్ళింది.

అన్నీ ఒప్పుకున్నాక కూడా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఈ జబ్బు చెవి కన్నా ముదిరిపోయినట్టుంది.

రెండు చెవులకూ సగం వినికిడి లేదు. ఇంకా తగ్గొచ్చు. చెవి మిషన్లు పెట్టుకోవాలి, రావడానికి ఆరు వారాలు. చప్పుడు పెంచే స్టెతస్కోపులు ఉంటాయట, అవి పెట్టుకుని పని చేసే నర్సులూ ఉన్నారట. అది ఆవిడ చేత కాగితం మీద రాయించుకున్నాను, కమిటీకి చూపించాలని.

మార్చి 27, శుక్రవారం

అమ్మ నాలుగు రోజులుగా నన్ను తిట్టలేదు. ఇల్లు ఇల్లులా లేదు. ఈ రోజు యూనిఫాం విప్పకుండానే నా పక్కన కూర్చుంది.

"శంఖం అన్నాను కదే" అంది.

"నాకు వినబడలేదులే" అన్నాను.

"అబద్ధాలాడకు. నా గొంతు ఎవరికి వినబడదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. తర్వాత మామూలుగా, నా పుస్తకాలు ఎందుకు చిందరవందరగా ఉన్నాయని తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

మార్చి 28, శనివారం

ప్రాక్టికల్.

ఒక్కో విద్యార్థికి ఒక పేషెంటు. నా సంగతి వార్డంతా పాకింది. ప్రెషరు చూపించుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పదకొండో మంచం ఆయన చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. నేనైనా లాక్కునేదాన్ని. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గడియారం చూసుకున్నాడు.

పద్నాలుగో మంచం తాతగారు లేచి కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. కనుబొమ్మ మీద ఇంకా పట్టీ ఉంది.

దగ్గరికి వెళ్ళి, "తాతగారూ, మిమ్మల్ని పడేసింది నేనే" అన్నాను. ఐదు రోజులుగా వార్డులోకి రానివ్వలేదు కాబట్టి ఆ మాట ఆయనతో అనడం అదే మొదలు.

"తెలుసమ్మా. చెప్పారు. ఇప్పుడు సరిగ్గా చూడు" అన్నాడు, మొహం నా వైపే పెట్టి.

పట్టీ చుట్టాను. ఎడమ చేత్తో ఆయన మణికట్టు దగ్గర నాడి పట్టుకున్నాను. గాలి ఎక్కిస్తుంటే నాడి మాయమైంది. మెల్లగా వదిలాను. ముల్లు ఎగురుతోంది, ఎగరనిచ్చాను. కళ్ళు మూసుకున్నాను. వేలి కింద నాడి మళ్ళీ తట్టగానే కళ్ళు తెరిచి చూశాను. నూట ఇరవై ఆరు. పై అంకె అలా కూడా తెలుస్తుంది, అది పుస్తకంలో ఉన్న పద్ధతే. కింది అంకె వేలికి తెలియదు. దానికి చెవి కావాల్సిందే. స్టెతస్కోపు పెట్టాను, రెండుసార్లు ప్రయత్నించాను. ఏమీ లేదు.

పై అంకె వేసి గీత గీశాను. కింద "వినబడలేదు" అని రాశాను.

ఎగ్జామినర్ కాగితం చూశాడు. మంచివాడే. నా పక్కకు వచ్చి, మేడమ్‌కు వినబడకుండా, నాకు మాత్రం పెదాలు కనబడేలా, "సుమారుగా వెయ్యమ్మా. డెబ్బై ఎనిమిదో, ఎనభయ్యో. మిగతావన్నీ బాగా చేశావు, పాసైపోతావు" అన్నాడు.

"సుమారుగా వెయ్యను సార్" అన్నాను.

"ఫెయిలవుతావు."

"అవుతాను సార్."

ఆయన నిట్టూర్చి సున్నా వేశాడు. మేడమ్ అదే చేతికి తాను ప్రెషరు చూసింది. పై అంకె నూట ఇరవై ఆరు అని చెప్పింది, గట్టిగా, నా మొహంలోకి చూసి. కింది అంకె ఎంతో కూడా చెప్పింది. దాన్ని నేను నా కాగితం మీద వేసుకోలేదు.

మళ్ళీ పరీక్ష సెప్టెంబరులో. అప్పటికి మిషన్లు వస్తాయి. కమిటీ నన్ను ఉంచుతుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. వార్డులోకి రావద్దనే ఆర్డరు కాగితం మాత్రం ఇంకా ఉంది. సోమవారం పొద్దున ఏడింటికి నేను ఆ తలుపు ముందు ఉంటాను, ఏప్రన్ వేసుకుని. పొమ్మనదలిస్తే ఎవరైనా నా ఎదుటికొచ్చి, మూతి విప్పి, గట్టిగా చెప్పాలి.